నాకు తెలిసిన ఒకావిడ

పోయిన వారం నా ఫోన్ చార్జింగ్ ఎక్కడం మానేసింది. ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఆఫీసు మెట్లు దిగి, సందు చివర ఉన్న రిపేరు దుకాణానికి తీసుకెళ్ళాను. కౌంటరు వెనక పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఫోన్ వెనక మూత ఊడదీసి, సాల్డరింగ్ కడ్డీ మొనను లోపల ఎక్కడో తాకించాడు. సన్నటి పొగ లేచి నా ముక్కు దాకా వచ్చింది. గుగ్గిలం కాలినట్టుండే వాసన, దానికి తోడు వేడెక్కిన లోహం వాసన. రోజూ ఆఫీసులో అలవాటై గమనించని వాసనే, ఇక్కడ కొత్తగా తగిలింది. "రెండు నిమిషాలమ్మా, అయిపోయింది" అంటున్నాడాయన. నా చెవికి ఎక్కలేదు. అప్పటికే నేను ఎనిమిదేళ్ళ వెనక ఒక మెట్ల దారిలో నిలబడి ఉన్నాను. కింద నుంచి ఇదే వాసన వస్తోంది. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ భాగ్యమ్మ మేడమ్ పైకి వస్తున్నారు.

మేడమ్ అప్పట్లో మా సెక్షన్ ఇన్‌చార్జి. మాది సర్క్యూట్ బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీ. కంపెనీ అంటే రెండంతస్తుల ఇల్లు, అంతే. కింద పొడుగాటి బల్లల ముందు ఆడవాళ్ళు వరసగా కూర్చుని బోర్డులకు సాల్డరింగ్ చేస్తారు. పైన మేం ఏడుగురం కంప్యూటర్ల ముందు కూర్చుని, బోర్డు మీద కరెంటు ఏ దారిన పోవాలో గీతలు గీస్తాం. మేడమ్ పదో తరగతి దాకా చదువుకుని కింది బల్ల దగ్గర చేరిన మనిషి. చాలా ఏళ్ళు అక్కడే పనిచేసి, ఖాళీ దొరికినప్పుడల్లా పైకొచ్చి ఎవరో ఒకరి వెనక నిలబడి చూసి చూసి గీయడం నేర్చుకున్నారట. డిప్లొమాలు చేసిన మేం గీసినదాన్ని తెర మీద చూస్తూ, ఒక మూల వేలు పెట్టి, "గీడ వేడెక్కుతది. జెర దూరం జరుపు" అనేవారు. ఎందుకు వేడెక్కుతుందో సూత్రాలు చెప్పేవారు కాదు. చేరిన కొత్తల్లో నేను ఆవిడ మాట లెక్కచేయకుండా ఒక బోర్డు పంపించాను. అది తయారై వచ్చి, సరిగ్గా ఆవిడ వేలు పెట్టిన చోటే మాడింది. మేడమ్ దాన్ని నా బల్ల మీద పెట్టి, "గుర్తు వెట్టుకో" అని మాత్రం అన్నారు. ఆ బోర్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

ఆవిడకు ఒక పట్టుదల ఉండేది. మా సీట్ల దగ్గరికి టీ రానిచ్చేవారు కాదు. ఫ్లాస్కు కింద గుమ్మం పక్కనే ఉండాలి, తాగాలనుకున్నవాళ్ళు దిగి వెళ్ళాలి. "గంటల తరబడి గట్లనే కూసుంటే నడుము కుర్చీకి అతుక్కపోతది. లేవుండ్రి" అంటూ వరస మొదటినుంచి చివరిదాకా నడిచి, లేవనివాళ్ళ కుర్చీని వెనక్కి లాగేవారు. మాకు విసుగ్గా ఉండేది. ఆవిడ అటు తిరగగానే ఆవిడ నడకను అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ కంపెనీలో చేరేనాటికి నేనెలా ఉన్నానో చెప్పకపోతే తర్వాతి సంగతులు అర్థం కావు. మా అత్తవారు తణుకు వైపు నుంచి వచ్చి చిలకలగూడలో స్థిరపడినవాళ్ళు. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్ళ ప్రకటనలు మా వంటింట్లోకి వినిపించేవి. పెళ్ళయిన నాలుగో ఏట నాకు నెల తప్పింది. అప్పుడు నేను వేరే ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్ ముందే ఉండేదాన్ని. మూడో నెలలో పోయింది. ఆసుపత్రిలో డాక్టరు, ఒక పెద్దావిడ, చీటీ రాస్తూనే, "ఇలా జరుగుతుంటాయమ్మా, మళ్ళీ ప్రయత్నించండి" అన్నారు. ఆ మాటకు ముందూ వెనకా ఏమీ చెప్పలేదు. నాకు అడగడం చేతకాలేదు. ఇంటికొచ్చాక మా అత్తయ్యగారు నాకు పథ్యం వడ్డిస్తూ, కోపంగా కూడా కాదు, బాధగానే అన్నారు: "చెప్తూనే ఉన్నాను కదమ్మా, ఆ పెట్టె ముందు అన్ని గంటలు కూర్చోవద్దని. దానిలోంచి వచ్చే కిరణాలు తిన్నగా కడుపుకే కదా తగిలేది."

ఆ మాట నాలో దిగిపోయింది. డాక్టరు ఏ కారణమూ చెప్పలేదు, అత్తయ్యగారు చెప్పారు. కారణం లేకుండా ఉండడం కన్నా ఏదో ఒక కారణం ఉండడమే నాకు నయమనిపించిందేమో. నా బిడ్డను నేనే, నా పనితోనే పోగొట్టుకున్నానని నమ్మాను. అయినా పని మానలేదు. ఇంట్లో కూర్చుంటే ఆ నమ్మకంతో నేనొక్కదాన్నే మిగిలిపోతానని భయం. ఆ ఆఫీసు మాత్రం మానేసి ఇక్కడ చేరాను. ఇక్కడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పిల్లలు లేరా అని అడిగితే, "ఇంకా లేదండీ" అని నవ్వేదాన్ని.

నేను చేరిన రెండేళ్ళకు మా వరసలోకి స్రవంతి వచ్చింది. ఇక్కడి పిల్లే, మల్కాజిగిరిలో పుట్టి పెరిగింది. నా పక్క సీటు. నాకన్నా అయిదారేళ్ళు చిన్నది, చెయ్యి మాత్రం నాకన్నా చురుకు. నేను రెండు రోజులు తంటాలు పడే చిక్కును పూటలో విప్పేది. చేరిన మూడో నెలలోనే మేడమ్ ఒక పెద్ద పని ఆమె చేతికిచ్చారు. ప్లాట్‌ఫారాల మీద ఏ రైలు ఎప్పుడొస్తుందో చూపించే డిస్‌ప్లేలకు బోర్డు. ఆ పని నాకొస్తుందని నేను ఎదురుచూశాను. రోజూ ఆ ప్రకటనలు వింటూ అన్నం వండే మనిషిని, నేను గీసిన బోర్డు ఆ స్టేషన్‌లో వెలగాలని నాలో నేను మురిసిపోయాను. మేడమ్ నా కుర్చీ దాటి వెళ్ళి ఆమె బల్ల మీద ఆ కాగితాలు పెట్టారు. నేను తల తిప్పలేదు కానీ, కంటి కొసతో అంతా చూశాను.

అది జరిగిన నెలన్నరకు స్రవంతి స్వీట్ల పెట్టె తెచ్చింది. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. అందరూ లేచి ఆమె చుట్టూ మూగారు. నేనూ లేచాను, ఒక మైసూర్‌పాక్ తీసుకున్నాను, "చాలా సంతోషం" అన్నాను. ఆ ముక్క నోట్లో కరగలేదు. ఆ తర్వాత రోజూ పక్కసీటులోనుంచి నాకొచ్చే బాధ చెబితే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంటుంది. మాత్ర వేసుకోమని ఆమె ఫోన్ మోగుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ తనకు తెలియకుండానే పొట్ట మీద చెయ్యి వేసుకుంటుంది. ఇవన్నీ నన్ను ఏడిపించడానికే చేస్తున్నట్టు ఉండేది. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కాల్చింది ఒక చెక్కపెట్టె. సాల్డరింగ్ తీగ చుట్టలు వచ్చే చిన్న పెట్టెను మేడమ్ స్వయంగా కింద నుంచి మోసుకొచ్చి, గుడ్డతో తుడిచి, బోర్లించి ఆమె కాళ్ళ కింద పెట్టారు. "కాళ్ళు వేలాడేస్తే వాస్తయి బిడ్డా. దీని మీద పెట్టుకో" అన్నారు. బిడ్డా అన్నారు. నన్నెప్పుడూ ఉమా అనే పిలిచేవారు.

ఒక మధ్యాహ్నం నేనూ స్రవంతీ ఎదురెదురుగా కూర్చుని డబ్బాలు విప్పాం. ఆమె రెండు ముద్దలు తిని ఆగింది.

"అక్కా, ఒకటి అడుగుతా, నవ్వొద్దు. స్క్రీన్ ముందు కూసుంటే లోపల పాపకు ఏమన్న అయితదా? మా అత్తమ్మ ఫోన్‌లో ఏదో వీడియో చూసిందంట. నిన్నటి సంది ఒకటే పరేషాన్ చేస్తున్నది."

నేను "డాక్టర్‌ని అడుగు" అనొచ్చు. "నాకు తెలీదు" అనొచ్చు. ఆ రెండు మాటలూ నా నోటి దాకా వచ్చిన సంగతి నాకు గుర్తుంది. వాటిని మింగి, పప్పు కలుపుకుంటూ, ఆమె మొహం చూడకుండా అన్నాను: "ఏమో స్రవంతీ. నాకు తెలిసిన ఒకావిడ ఉంది. ఇలాగే రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేది. మూడో నెలలో పోయింది."

అబద్ధం చెప్పలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగానే నాకు తెలిసిన ఆవిడే. నిజంగానే అలా జరిగిందని నేను నమ్ముతున్నాను కూడా. కానీ ఆమెను కాపాడదామని నేనా మాట అనలేదు. అనగానే ఆమె చెయ్యి డబ్బాలో ఆగిపోయింది. మొహంలో రంగు పోయింది. ఆ క్షణం నా గుండెలో చల్లగా ఏదో దిగింది. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే మోసిన భయంలో సగం ఆమె భుజం మీదికి దించినంత హాయి. దాన్ని ఇప్పుడు ఏ పేరుతో పిలవమన్నా పిలుస్తాను గానీ, అది హాయి కాదని మాత్రం అనలేను.

నాలుగో రోజుకు స్రవంతి ఒంటి మీద బూడిదరంగు ఏప్రన్ ఒకటి వచ్చింది. కిరణాలను ఆపుతుందని ఆన్‌లైన్‌లో తెప్పించిందట, వెండి దారాలతో నేసిందట. ఏప్రిల్ ఎండలో పై అంతస్తు. ఆమె మెడ వెనక చెమట ధారగా కారుతోంది. మేడమ్ వచ్చి ఆ గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని చూశారు. "ఇదేందమ్మా, గీ ఎండల గిదేసుకుంటే ఉడికిపోతవ్ గదా" అన్నారు. స్రవంతి నవ్వలేదు. తెరకు రెండు చేతుల దూరం జరిగి, చెయ్యి చాచి మౌస్ కదుపుతూ, పది నిమిషాలకోసారి బాత్‌రూమ్‌కి వెళ్ళి ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చేది. మరో రెండు రోజులకు ఆమె రావడం మానేసింది. ఆమె భర్త రాజీనామా కాగితం తెచ్చి మేడమ్ చేతికిచ్చాడు. ఆ సాయంత్రమే రైల్వే బోర్డు ఫైలు నా కంప్యూటర్‌లోకి వచ్చింది.

నాకు సంతోషం కలగలేదని రాస్తే బాగుంటుంది. కలిగింది. ఆ ఫైలు తెరిచి, ఆమె గీసిన గీతలను ఒక్కొక్కటే చెరిపి, నా పద్ధతిలో గీయడం మొదలుపెట్టాను. మూడు రోజులు అన్నం కూడా హడావుడిగా తిని పనిచేశాను. నాలుగో రోజు పొద్దున కింద మాటలు వినిపించి మెట్ల పైనుంచి తొంగి చూస్తే, మేడమ్ వెనక స్రవంతి, ఆమె వెనక కొంగు నడుముకు బిగించుకున్న ఒక పెద్దావిడ కనిపించారు. స్రవంతి వాళ్ళ అత్తగారు. మేడమ్ ఆ రాజీనామా కాగితాన్ని ఎక్కడికీ పంపలేదు. మల్కాజిగిరిలో వాళ్ళింటికి వెళ్ళి, ఇద్దరినీ బయల్దేరదీసి తీసుకొచ్చారు.

వాళ్ళను సాల్డరింగ్ గది గుమ్మంలోనే ఆపి, కొంచెం లోపలికి వంగి చూపించారట. ఆ మాటలు మెట్ల మీదుగా నాకు వినిపిస్తూనే ఉన్నాయి. "భయపడాలంటే గీడ భయపడాలె పెద్దమ్మా. తీగల సీసం ఉంటది. చేతులు కడగకుండ బువ్వ తింటే లోపలికి పోతది. కడుపుతోని ఉన్నోళ్ళను నేను గీ బల్ల కాడికి రానియ్య. నేను ఇన్‌చార్జి అయిన సంది ఒక్కదాన్ని సుత కూసోవెట్టలే." తర్వాత ముగ్గురూ పైకొచ్చారు. మేడమ్ స్రవంతి కంప్యూటర్ ఆన్ చేసి, "ఇది గట్ల కాదు. అయితే నేను డాక్టర్‌ను కాదు, నా మాట ఇనొద్దు. నీ డాక్టరమ్మనే అడుగుదాం" అని, అందరూ వినేలా ఫోన్ పెట్టి స్రవంతి డాక్టర్‌కు కలిపారు.

నేను వాళ్ళకు వీపు తిప్పి కూర్చున్నాను. ఆ డాక్టర్ గొంతు తార్నాకలో ఏదో గదిలోంచి, ఓపిగ్గా, మామూలుగా వచ్చింది. "స్క్రీన్ వల్ల బిడ్డకు ఏమీ కాదమ్మా. ఎక్స్‌రే వేరు, ఇది వేరు. దీంట్లోంచి లోపలికి వెళ్ళి బిడ్డకు హాని చేసేది ఏమీ రాదు. ఏప్రన్లు అవీ అక్కర్లేదు. కాకపోతే కదలకుండా కూర్చోకండి. కాళ్ళు వాస్తాయి, నడుము పడుతుంది, మణికట్టు తిమ్మిరెక్కుతుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి, నీళ్ళు తాగండి, కళ్ళకు మధ్యమధ్యలో కాస్త విశ్రాంతి ఇవ్వండి. అంతే." అత్తగారు ఫోన్‌కి దగ్గరగా వంగి, "ఖాయమేనా డాక్టరమ్మా? ఒకామెకు మూడో నెల పోయిందంట, గిట్లనే కూసుని" అన్నారు. "మొదటి నెలల్లో పోవడానికి చాలాసార్లు కారణం లోపలే ఉంటుందమ్మా. పిండం ఏర్పడేటప్పుడే ఏదో సరిగ్గా కుదరదు. ఆమె ఏ పని చేసినా, చెయ్యకపోయినా అది ఆగేది కాదు. ఎవరో గానీ, పాపం, స్క్రీన్ వల్లే అనుకుంటోందా?"

నా చేతిలో మౌస్ అలాగే ఉంది. నేను మూడేళ్ళుగా మోస్తున్నదానికి జవాబు ఎవరికో చెబుతుంటే చాటున విన్నాను. స్రవంతికి కాళ్ళ కింద ఒక పెట్టె దొరికింది, ఒక ఫోన్ కాల్ దొరికింది, ఇంటికొచ్చి పిలుచుకొచ్చే మనిషి దొరికింది. అది కూడా భయం మొదలైన పదిరోజులకే. నాకు మూడేళ్ళు. ఆ రోజు నాకు ఆమె కడుపు మీద కన్నా ఆ ఫోన్ కాల్ మీద ఎక్కువ అసూయ పుట్టింది. మేడమ్ ఫోన్ పెట్టేసి, "నీకు గీ ముచ్చట ఎవరు చెప్పిన్రు బిడ్డా?" అని అడిగారు. నా వీపు బిగుసుకుపోయింది. స్రవంతి "ఎవరో మేడమ్, యాదిలేదు" అంది. కనీసం నా పేరైనా చెప్పి ఉంటే ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నాకేదో ఒకటి దొరికేది. అదీ ఇవ్వలేదు.

నేను లేచి మెట్ల మీదికి వెళ్ళిపోయాను. కాసేపటికి మేడమ్ వచ్చారు. నా పక్కన, ఒక మెట్టు కింద, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

"ఆ ఒకామె ఎవరు ఉమా?"

నేను మెట్టు అంచున పెచ్చు లేచిన సిమెంటును గోటితో గీకాను.

"ఆ పిల్ల చెప్పలే. కని ఫోన్‌ల డాక్టరమ్మ మాట్లాడుతుంటే నీ వీపు చూసిన."

"నేనే మేడమ్" అన్నాను. ఆ రెండు మాటలు ఆ కంపెనీలో నేను మొదటిసారి చెప్పిన నిజం. ఆ తర్వాత ఆగలేకపోయాను. మూడో నెల, అత్తయ్యగారి మాట, చీటీ రాస్తూ తల ఎత్తని ఆ పెద్దావిడ, అన్నీ చెప్పాను. ఏడుస్తున్నానని కూడా చూసుకోకుండా, "దానికి పెట్టె తెచ్చి పెట్టారు. దాన్ని బిడ్డా అన్నారు. దానికోసం ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. నాకెవరు చేశారు మేడమ్? నాకొక్కరైనా చెప్పారా?" అన్నాను. చిన్నపిల్లలా ఉంది నా గొంతు. నాకే వినబుద్ధి కాలేదు.

మేడమ్ ఓదార్చలేదు. "నాకు తెల్వకపాయె" అన్నారు. "నువ్వు చెప్పకపోతివి, నేను అడగకపోతి. పక్క కుర్చీ దాక వచ్చిన, నీ కుర్చీ కాడ ఆగలే. అది నా తప్పే." ఆ తర్వాత నా వైపు తిరిగారు. "ఇప్పుడు ఇను. నీకు జరిగింది నీ తప్పు కాదు. ఆ పిల్లకు నువ్వు చేసింది తప్పే. ఈ రెండు వేరువేరు ముచ్చట్లు, ఒక్కదాన్ల కలపకు. కలిపితివనుకో, బతుకంత తక్లీఫ్. కడుపు మండుతున్నదా, నా కాడికొచ్చి చెప్పు, నన్ను తిట్టు. ఆ పిల్లకు భయం వెట్టకు. పో, నువ్వే చెప్పు ఆమెకు."

"ఇప్పుడా?"

"మల్ల ఎప్పుడు? లే. నన్ను సుత లేవట్టు, మోకాళ్ళు వట్టేసినయ్."

నేను చెయ్యి ఇచ్చి లేపాను. స్రవంతి తన సీట్లో ఒంటరిగా ఉంది, అత్తగారు కింద టీ తాగుతున్నారు. ఆ ఒకావిడ నేనేనని, ఆమెను జాగ్రత్త చేయడానికి కాక, ఓర్వలేక ఆ మాట అన్నానని చెప్పాను. ఇలాంటి సమయాల్లో ఎదుటివాళ్ళు కౌగిలించుకుంటారని ఎక్కడో నేననుకున్నట్టున్నాను. స్రవంతి కదల్లేదు. "పదిరోజులు అక్కా" అంది. "పదిరోజులు నేను పాపకు ఏమో చేసిన అనుకున్న. స్కాన్‌ల గుండె వినవడే దాక శ్వాస తీసుకోలే. నీకు గట్ల అయినందుకు నాకు బాధగనే ఉన్నది. కని జెర రోజులు నాతోని మాట్లాడకు." సరేనన్నాను. ఆమె నెలన్నర నాతో మాట్లాడలేదు. పక్కపక్క సీట్లలో నెలన్నర మౌనం ఎంత పొడుగుంటుందో నాకు తెలుసు.

ఆ మర్నాడు మేడమ్ రైల్వే బోర్డు ఫైలును నా నుంచి తీసి మళ్ళీ స్రవంతికిచ్చారు. నన్ను ఆమె గీసినదాన్ని సరిచూసే పనిలో పెట్టారు. అది శిక్షో నమ్మకమో నాకప్పుడు తెలియలేదు, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నేను చెరిపేసిన గీతలను ఆమె మళ్ళీ గీసింది. సరిచూస్తూ ఉంటే, నాకన్నా బాగా గీస్తుందని ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్నా మంట తగ్గలేదు. ఎనిమిదో నెల నిండే దాకా ఆమె ఆ తెర ముందే, ఏప్రన్ లేకుండా, అరగంటకోసారి లేచి వరస చివరిదాకా నడిచి వస్తూ పనిచేసింది. బోర్డు ఎక్కడా వేడెక్కలేదు. ఒకరోజు సికింద్రాబాద్ స్టేషన్‌లో మా తమ్ముణ్ణి రైలెక్కించడానికి వెళ్ళి, వెలుగుతున్న ఎర్రటి అక్షరాల కింద నిలబడ్డాను. "ఇది మా ఆఫీసులో తయారైంది" అన్నాను వాడితో. ఎవరు గీశారో చెప్పలేదు. అంత మంచిదాన్ని అప్పటికింకా కాలేదు.

స్రవంతి సెలవులోకి వెళ్ళకముందే, ఒక మంగళవారం మేడమ్ నన్ను నా పాత రిపోర్టులు తెమ్మని తార్నాక తీసుకెళ్ళారు. ఆ డాక్టర్ కాగితాలన్నీ తిరగేసి, ఫోన్‌లో చెప్పిందే ఈసారి నా మొహం చూస్తూ చెప్పారు. ఆ పని వల్ల కాదు, ఆ తెర వల్ల కాదు, మీ వల్ల కాదు అన్నారు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. తేలిక పడతాననుకున్నాను. ఏదో తెగిపోయినట్టుంది. ఇన్నాళ్ళూ తప్పు నాదని కుమిలాను సరే, కనీసం తప్పంటూ ఒకటి ఉండేది. ఇప్పుడు కోప్పడడానికి ఎవరూ లేరు, నేను కూడా లేను. ఆ మాటే మేడమ్‌తో అన్నాను. ఆవిడ రోడ్డు పక్క బండి దగ్గర రెండు జామకాయలు కొని, ఉప్పూ కారం పెట్టించి, ఒకటి నా చేతిలో పెట్టారు. ఆటో వచ్చేదాకా ఇద్దరం తింటూ నిలబడ్డాం. ఆ ఒక్క మధ్యాహ్నం ఆవిడ పూర్తిగా నాదిగా ఉన్నారు.

అత్తయ్యగారికి ఆ సాయంత్రమే డాక్టరు మాట చెప్పాను. ఆవిడ కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆపి, "మరి నేనన్న మాట..." అని మధ్యలోనే ఆగిపోయారు. తర్వాతెప్పుడూ ఆ విషయం మా మధ్య రాలేదు. ఆవిడ తన ప్లేటులోని చేపముక్క తీసి నా ప్లేటులో వేయడం మాత్రం మొదలైంది.

స్రవంతికి ఆడపిల్ల పుట్టింది. బారసాలకు నన్నూ పిలిచింది. ఆ పిల్లను ఎత్తుకున్నప్పుడు నాలో జరిగినదాన్ని ప్రేమ అని రాయలేను. బరువుగా, వెచ్చగా ఉంది, పాల వాసన వేస్తోంది, నాది కాదు. తర్వాత నాకు పిల్లలు పుట్టలేదు. మందులు వాడాం, ఆసుపత్రులు తిరిగాం, ఒక దశలో నేనూ మావారూ కూర్చుని మాట్లాడుకుని ఆపేశాం. మేడమ్ రిటైరై బోయిన్‌పల్లిలో కొడుకు దగ్గర ఉండేవారు. నేను నెలకో రెండు నెలలకో వెళ్ళేదాన్ని. నేను వెళ్ళేసరికి చాలాసార్లు స్రవంతి కూతురు అక్కడే ఉండి, ఆవిడను అమ్మమ్మా అని పిలుస్తూ మంచం ఎక్కి దూకుతుండేది. అక్కడా నాకు రెండో వరసే. ఒకసారి ఉండబట్టలేక అనేశాను, "మీకు ముందు నుంచీ అదంటేనే ఇష్టం మేడమ్" అని. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ పిల్ల నా మీద అలగదు. నువ్వు అలుగుతవ్. అలిగేటోళ్ళ మీదనే ఎక్కువ ధ్యాస ఉంటది, తెల్వదా నీకు?" అన్నారు. నిజమో, నన్ను ఊరుకోబెట్టడానికన్నారో. రెండేళ్ళ కిందట వానాకాలంలో ఆవిడ పోయారు. చివరిరోజు నేనూ స్రవంతీ ఒకే గోడకు ఆనుకుని కూర్చున్నాం. తను ఎక్కువ ఏడ్చింది. దానికి కూడా నాకు ఓర్వలేనితనం కలిగింది. పక్కనుంచి తన చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంటే మాత్రం విడిపించుకోలేదు.

ఇప్పుడు ఆ సెక్షన్‌కు నేను ఇన్‌చార్జిని. పోయిన నెల మౌనిక అనే కొత్తమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, తనకు రెండో నెల అని, ఇంట్లోవాళ్ళు కంప్యూటర్ పని మానెయ్యమంటున్నారని చెప్పింది. ఆమె వయసు ఇరవై నాలుగు. మొదట వచ్చేది ఇప్పటికీ మంటే. వచ్చింది, చూశాను, దాని పక్కనుంచి మాట్లాడాను. స్క్రీన్ వల్ల ఏమీ కాదని, అయినా నా మాట మీద ఊరుకోకుండా డాక్టర్‌ని అడగమని, కింది గదిలోకి మాత్రం వెళ్ళవద్దని, గంటల తరబడి కూర్చోవద్దని చెప్పాను. ఇంట్లోవాళ్ళు నమ్మకపోతే తీసుకురా, నేను మాట్లాడతానన్నాను. తలుపు దాకా వెళ్ళి ఆగి, "మీకేమీ ప్రాబ్లం రాలేదు కదా మేడమ్, కడుపుతో ఉన్నప్పుడు?" అని అడిగింది. నాకు పిల్లలున్నారనుకుంది కాబోలు. కూర్చోమని, నాకు జరిగింది జరిగినట్టుగా, డాక్టరు చెప్పిన కారణంతో సహా చెప్పాను. భయపడుతుందేమోననుకున్నాను. ఆమె భయపడలేదు. లేస్తూ, అలవాటు లేని చనువుతో నా భుజం తాకి వెళ్ళింది.

నిన్న మౌనిక స్కానింగ్ ఫొటో పట్టుకుని పరుగున వచ్చింది. నల్లటి కాగితం మీద తెల్లటి చుక్కలాంటి బిడ్డ. అందరికన్నా ముందు నాకే చూపిస్తున్నానంది. చేతిలోకి తీసుకుని, వెలుతురుకేసి పట్టి చూశాను. మండింది. "బాగుందమ్మా" అన్నాను. నిజంగానే బాగుంది.